మౌస్ పలకని రోజు

"లిడియా! దీన్నేం కెలికేవు?"

చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా సింకు దగ్గర నిలబడి రొయ్యలు ఒలుస్తున్నాను. చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లేసరికి మా ఆయన సాల్మన్ కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌ని బల్లమీద టపటపా కొడుతున్నారు. తెరమీద బాణం గుర్తు ఓ మూల బిగుసుకుపోయింది. ఫ్యాను గాలి తగలడం లేదని ఇందాక బల్లని ఇవతలికి లాగింది ఆయనే. వెనక మౌస్ వైరు ఊడి వేలాడుతోంది.

"నేను ముట్టుకోలేదండీ."

"మరి దయ్యం ముట్టుకుందా? తుడిచేటప్పుడు పీకేసుంటావు."

వంగి పిన్ను గుచ్చారు. బాణం కదల్లేదు. పీకి, ఊది, మళ్లీ గుచ్చారు. మౌస్‌ని వెల్లకిలా తిప్పి చూశారు, కింద ఎర్రగా వెలగాల్సిన దీపం వెలగలేదు. కీబోర్డు మీద ఏవో నొక్కి పరికరాల జాబితా తెరిచారు. అందులో మౌస్ అన్న పేరే లేదు.

"ఏవండీ, ఓసారి సిస్టం ఆపేసి, అప్పుడు పిన్ను పెట్టి ఆన్ చేద్దామా? ఇది పాతకాలం గుండ్రటి పిన్నండీ. నడుస్తుండగా పెడితే గుర్తుపట్టదు. మా బడిలో ఉన్నవీ ఇలాంటివే."

"నీ బడి కబుర్లు తర్వాత. అవతల రొయ్యలేం చేసేవు?"

మళ్లీ సింకు దగ్గరికి వచ్చాను. ఆ రోజు టీచర్ల బదిలీలకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండినవాళ్లు కదలాల్సిందే, నాకు నిండాయి. ఖాళీల జాబితాలోంచి కావలసిన బళ్లని వరసగా పెట్టుకోవాలి. ఫోన్లో అది సరిగా తెరుచుకోవడం లేదు. బదిలీ నాది, ఉద్యోగం నాది, సైన్సు టీచర్‌ని నేను. కానీ మౌస్ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది. పోయినసారి కూడా ఆయన నొక్కుతుంటే నేను పక్కన నిలబడి నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అంకెలు చదివి చెప్పాను. నా బదిలీలో నా పని అంతే. అప్పుడు మా వీధి చివరి బడి పెట్టారు. "నీ సుఖం కోసమే" అన్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే తోటి టీచర్లు క్యారేజీలు విప్పుకుంటుంటే నేను ఇంటికి పరుగు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి అన్నం కలిపి పెట్టి, గిన్నెలు తోమి, నిలబడే నాలుగు ముద్దలు మింగి మళ్లీ పరుగు. వెనకాల హెడ్మాస్టరు గొంతు, "మేడమ్‌గారికి ఇల్లే ముఖ్యమండీ, ఆయ్." ల్యాబు బాధ్యత అడిగితే ఇదే మాట. పదో తరగతి అడిగితే ఇదే మాట. చివరికి అడగడం మానేశాను. ఈసారి ఆయన ఎంచింది బస్టాండు వెనకాల బడి. నన్నడగలేదు. "దగ్గరే, మధ్యాహ్నం వచ్చి వెళ్లొచ్చు" అని వాళ్లమ్మకి చెబుతుంటే వంటగదిలో విన్నాను.

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే నాగసతీష్‌కి ఫోన్ చేశారు. దుకాణం తెరిపించి కొత్త మౌస్ తెస్తానని బండి తీశారు.

"నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు."

బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. పొయ్యి కట్టేసి వెళ్లి కంప్యూటర్ ముందు నిలబడ్డాను. ఆప్షన్లు పెట్టాలని కాదు. నేను చెప్పింది నిజమో కాదో నాకైనా తెలియాలనిపించింది. సిస్టం ఆపాను. పిన్ను పూర్తిగా లాగి, సన్నటి ముళ్లు వంగలేదు కదా అని చూసి, గాడి సరిగా కుదిరేలా నొక్కాను. ఆన్ చేశాను. మౌస్ కింద ఎర్రదీపం వెలిగింది. నా అరచేతి కింద బాణం అటూ ఇటూ తిరిగింది.

సంతోషమేమీ కలగలేదు. ఇంత చిన్న మాట వినడానికి ఒప్పుకోని మనిషి అమలాపురం దాకా వెళ్లాడు.

కుర్చీలో కూర్చున్నాను. బదిలీల సైటు తెరిచి నా వివరాలు కొట్టాక ఫోన్‌కి అంకెలు వచ్చాయి. నేనే చదువుకుని నేనే కొట్టాను. ఖాళీల జాబితాలో ముమ్మిడివరం అవతల, సముద్రం దగ్గరి ఊరి బడి కనిపించింది. రెండు బస్సులు మారాలి, ఎవరూ కోరుకోరు. ఒకసారి పరీక్షల డ్యూటీకి వెళ్లాను. సైన్సు గదిలో ఖాళీ బీరువా, కిటికీలోంచి సరుగుడు తోట. మధ్యాహ్నం అక్కడే ఒక బల్లమీద కూర్చుని క్యారేజీ విప్పి తిన్నాను. ఎవరికీ వడ్డించకుండా, ఎవరూ పిలవకుండా తిన్నాను. ఆ పూట అన్నం రుచిగా ఉందని ఎవరితోనూ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు.

"అమ్మాయ్, వాడు లేకుండా అది తెరిచేవా?" పక్కగదిలోంచి అత్తయ్య అమ్మాజీగారు అడిగారు.

"ఆయ్, తెరిచేనండి."

"వాడికి కోపమొస్తాదమ్మా."

"వస్తాదండి."

ఆ బడిని మొదటి ఆప్షన్‌గా పెట్టాను. కింద మిగతావి వరసగా పెట్టాను. బస్టాండు వెనకాల బడిని అన్నిటికంటే అడుగున పెట్టాను. సమర్పించాక మార్చుకునే వీలుండదని హెచ్చరిక వచ్చింది. వేలు ఆగింది. పెళ్లయ్యాక నాకోసం నేను ఏదైనా ఎంచుకున్నానా అని ఆలోచిస్తే చీర రంగు కూడా గుర్తుకు రాలేదు. నొక్కేశాను.

అత్తయ్యగారికి అన్నం పెట్టాను. ఆయన వచ్చేసరికి రొయ్యల కూర దించుతున్నాను. కొత్త మౌస్ పెట్టెలోంచి తీసి, దాని చదునైన యూఎస్‌బీ పిన్ను తగిలించారు. బాణం కదిలింది.

"చూసేవా? కొత్తది పెట్టగానే ఎలా పరిగెడుతుందో! ఫోన్ పట్రా, అంకెలు చదువు."

"అవసరం లేదండీ. నేను పెట్టేసేను."

ఆయన నవ్వారు. తర్వాత తెరమీదున్నది చదివి నవ్వు ఆపారు.

"ఇదెక్కడి ఊరు? తప్పు నొక్కేవు. మార్చు."

"మారదండీ. తప్పూ కాదు. అక్కడే గది తీసుకుని ఉంటాను, శనివారం సాయంత్రం వస్తాను."

"పిచ్చెక్కిందా? మరి అమ్మకి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారే?"

ఆ ప్రశ్నకి జవాబు నేను ముందుగా ఆలోచించుకోలేదు. అదే వచ్చేసింది.

"మీ ఆఫీసు మనింటికి ఎదురుగానే కదండీ."

ఆయన వీధి వైపు చూశారు. పక్కగదిలో అత్తయ్యగారి మంచం కిర్రుమంది. ఎనిమిదేళ్లు ఆ వీధిలో ఎండలో పరుగెత్తాను. ఒక్కరోజైనా ఈ మాట వాళ్లకి తట్టలేదు సరే, నాకూ తట్టలేదు.