లాగరాని పోగు

శ్యామలజలధరపటలములు గగనమండలము నాక్రమించి నిరంతరధారలను కురియుచుండగా దిగంతములు మసకబారి సముద్రఘోష మేదియో వర్షఘోష మేదియో తెలియరాక యున్న ఆషాఢమాసమందొక ప్రాతఃకాలమున ఉప్పాడలోని సాలెవీధి సర్వమును గంజివాసనతో నిండియుండెను. ఎండకాలమైన వీధి పొడవునను సాగదీసి ఆరవేయదగిన పడుగులు వానకు వెఱచి ఇండ్లలో దూరి దూలమునుండి దూలమునకు వ్రేలాడుచు ఎన్నినాళ్లకును ఆరక నేతగాండ్ర ప్రాణములు తోడుచుండెను.

ఆ వీధిలో సన్ననేతయందు అందెవేసిన చేయి యని పేరుగాంచిన సోమలింగము గుంటమగ్గము విడిచి ఇసుకతట్ట యెదుట గొంతుకూర్చుండి పండ్లు బిగించియుండెను. ధవళరోమశోభితయు మూషికకులభయంకరియు నగు నతని పెంపుడుపిల్లి మల్లిక మూడుదినములుగా మలవిసర్జనము లేక ఆ తట్టలో కూర్చుండును. వీపు వంచి మూలుగును. ఏమియు రాక లేచిపోయి మఱల వచ్చి కూర్చుండును. గంజిపోగులను ఎలుకలు కొఱుకకుండ పెంచిన పిల్లియే ఆ గంజిరుచి మరిగి తెగిన పోగులను మ్రింగుచున్నదని ఆ యింట నెవ్వరికిని తోచలేదు. అతని భార్య నూకాలు చెంచాతో ఆముదము పోయబోగా అది యా యాముదమును మగని పంచెపై ఉమ్మివేసెను.

“ఏవండీ, ఎంతసేపని దాని ఎనకాలే కూర్చుంటారు? మగ్గం మీద కోక శ్రావణానికి అందిస్తానని మాటిచ్చారు కదా!” అని యామె విసుగుకొనెను.

“దానికి అవ్వకపోతే నాకు చెయ్యాడట్లేదే” అని యాతడు తలపట్టుకొనెను.

మధ్యాహ్నవేళ మల్లిక సర్వశక్తులను కూడగట్టి ముక్కగా దాని తోకక్రింద అంగుళము పొడవున తెల్లని పోగుకొస యొకటి వెలువడి వ్రేలాడెను. తెగిన పోగు కనబడిన చోట నెల్ల కొస పట్టి లాగి ముడివేయుట ముప్పదియైదేండ్లుగా ఊపిరివలె అలవడిన యా చేయి యజమానుని యాలోచనకై ఆగలేదు. పోగు బెత్తెడు వచ్చి చిక్కుపడెను. చిక్కుపడిన పోగును వ్రేలికి చుట్టి మఱల లాగుట నేతగాని పద్ధతి, అతడట్లే లాగెను. ఓయి పనివాడా! పడుగు వేఱు ప్రాణి వేఱని నీ చేతికి చెప్పువారొక్కరును లేకపోయిరి గదా! మల్లిక గావుకేక పెట్టెను. ఆ పోగుతోకూడ పండుమిరపకాయవంటి ఎఱ్ఱని పేగు వెలుపలికి జారెను.

“ఏం చేసేరండీ?” అని నూకాలు పరుగున వచ్చెను.

“పోగు కనబడింది… లాగేను.”

“కనబడితే లాగేయడమేనా? అది మగ్గమనుకున్నారా!”

తడిగుడ్డ కప్పిన బుట్టలో పిల్లి నుంచుకొని దంపతులిరువురును ఆటోలో పిఠాపురపు పశువైద్యశాల చేరునప్పటికి వైద్యురాలొక గేదె ఈనలేక యుండగా చూడబోయియుండెను. మల్లిక ఆ పేగును నాకుకొనబోవును. సోమలింగము దాని మెడ పట్టుకొనును. అది అతని చేతులపై గీరిన గీరులనుండి రక్తము కారుచుండ గేదెలను తోలుకొనివచ్చినవారు పిల్లికి కూడ ఆసుపత్రియా యని నవ్వుచుందురు. రెండుగంటలకాలము అతడు వారిని తిట్టలేకయు తన చేతిని నఱకుకొనలేకయు కుమిలిపోయెను.

వకుళ యను నా వైద్యురాలు వచ్చి పిల్లికి మత్తుసూదివేసి కడుపు తడవి చూచెను.

“లాగారా?”

“లాగేనండి.”

“కొస కనబడితే అలాగే వదిలేసి తీసుకురావాలి. లోపలున్న పోగు పేగుల్ని కోసేస్తుంది. మీ అదృష్టం, ఉండ కిందికే వచ్చేసింది. పంచదార తెప్పించండి.”

పిల్లి ప్రాణము పోవుచుండ ఈమెకు కాఫీ కావలసివచ్చెనా యని నూకాలు లోలోన మండిపడుచు ఎదుటి టీకొట్టునుండి గుప్పెడు పంచదార తెచ్చి బల్లపై విసరినట్లుంచెను. వకుళ పోగుల యుండను మెల్లగా తొలగించి పేగును శుభ్రపఱచి ఆ పంచదారను దానిపై చల్లెను. కొంతసేపటికి తీపి నీటిని పీల్చి వాపు తగ్గినంతట ఆమె పేగును మెల్లమెల్లగా లోనికి త్రోసి సంచిమూతి బిగించినట్లు చుట్టును వదులుగా కుట్టువేసెను. నూకాలు సిగ్గుపడి తలవంచుకొనెను.

“విరేచనం పల్చగా అయితే బయటికి రావడానికి కుట్టులో దారి ఉంది. ఈ మందూ, ఉడికించిన గుమ్మడి గుజ్జూ పెట్టండి. అయిదోరోజున కుట్టు విప్పుతా. మళ్ళీ జారితే పొట్ట కోయాలి, అప్పుడు బతుకుతుందని మాటివ్వలేను. కుట్టు కొస బయటే ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి.”

ఎంతటి కఠినశిక్ష! నాకుకొనకుండ కోకఅంచు నమూనాల అట్టతో చేసిన గొట్టము మెడకు తగిలించుకొని మల్లిక గోడలకు తలకొట్టుకొనుచు తిరుగును. గుమ్మడిగుజ్జును మూతికి పూసిన విదిలించివేయును. దాని తోకక్రింద నల్లని కుట్టుకొస అర్ధాంగుళమాత్రము ఊగుచు సోమలింగము వ్రేళ్లకు దురద పుట్టించును. మూడవనాడు పిల్లి యలవాటుచొప్పున వచ్చి అతనివైపు వీపుపెట్టి మగ్గపుగట్టుపై పరుండగా అతని బొటనవ్రేలును చూపుడువ్రేలును ఆ కొసను అతడెఱుగకముందే పట్టుకొనియుండెను. అతడు నిప్పు త్రొక్కినట్లదరి చేయి వెనుకకు తీసికొనెను. తనపై తనకే యసహ్యము కలిగెను.

“ఒసే నూకాలూ! ఈ చెయ్యి నా మాట వినట్లేదే. కట్టెయ్యి దీన్ని!”

ఆమె నవ్వలేదు. చిరిగిన కోకఅంచు తెచ్చి ఆ కుడిచేతిని మగ్గపురాటకు బిగించి కట్టెను. శ్రావణపుకోక సగములో నిలిచిపోయెను. వానకు ఇండ్లలో చిక్కుకొనిన వీధివారందఱును ఒక్కొక్కరుగా వచ్చి కట్టువడిన ఆ గొప్పచేతిని చూచి వెకిలిగా నవ్వి పోయిరి. అతడు అన్నము ఎడమచేత తినెను. చేయి విప్పుమని మాత్రము అడుగలేదు.

నాల్గవనాటి ప్రాతఃకాలమున మల్లిక తట్టలోనికి పోయి వీపు వంచెను. రాటకు కట్టువడియున్న సోమలింగమునకు దాని చెవులు మాత్రమే కనబడుచుండెను. మూలుగు వినబడెను. అతడు కన్నులు మూసికొనెను.

“ఏమైందే? జారిందా? చెప్పవే!”

నూకాలు వంగి చాలసేపు చూచెను.

“అయ్యిందండీ! చక్కగా, మెత్తగా అయ్యింది. కుట్టు కుట్టులాగే ఉంది!”

ఎన్నో కోకలకు ఎందరెందరో చేసిన పొగడ్తలను విని చలింపని యా నేతగాడు ఆ మాట విని వెక్కివెక్కి యేడ్చెను. మఱునాడు వైద్యురాలు కుట్టు విప్పెను. అతడు చేతులు రెండును చంకలలో పెట్టుకొని గోడవైపు తిరిగి నిలుచుండెను.

అటుపిమ్మట ఆ యింట తెగిన పోగులన్నియు మూతగల కుండలో పడుచున్నవి. కోక శ్రావణమునకు అందలేదు, మాట దక్కలేదు, మల్లిక దక్కినది. ఆ చిరుగుటంచును మాత్రము అతడు రాటనుండి విప్పనీయలేదు. పడుగులో నొక పోగు పుటుక్కున తెగినప్పుడెల్ల అతని చేయి మునుపటివలెనే ముందునకు దూకును. అంతలో ఆ పేలిక కంటబడును. చేయి యొక్క క్షణము గాలిలో నిలిచి గుంటలో నిదురించుచున్న పిల్లివంక చూచిన పిమ్మటనే కొసను పట్టుకొనును.