పదమూడో పేరు

రాతి మీద పన్నెండు పేర్లే ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. తెల్ల యూనిఫాం వేసుకున్న ఆఫీసరు మైకులో ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కో తల్లీ, ఒక్కో భార్యా లేచి వెళ్లి రాతి ముందు పూలు పెట్టి వచ్చారు. పన్నెండో పేరు అయిపోయింది. నా పక్కన అప్పలలక్ష్మి చామంతుల పొట్లం పట్టుకుని లేచి నిలబడింది. బ్యాండు వాయించారు. మైకు కట్టేశారు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"కొండబాబూ, మనోల్లవి సదవలేదేటి?" అంది.

నర్సీపట్నంలో ఆటో నడుపుతాను. ఆటో కార్మికుల యూనియన్ కార్యదర్శిని. నోరు పెద్దదని ఊరంతా పేరు. ఆ రోజు సముద్రం ఒడ్డు నుంచి ఆమెను ఆటో దాకా నడిపించుకొచ్చానంతే.

తుపాను హెచ్చరిక ఉండగానే బయల్దేరదీసిన బోటు అది. యుద్ధనౌకకు సామాను చేరవేసే బోటు. అందులో పదిహేడుమంది. పన్నెండుగురు నౌకాదళం వాళ్లు. ఐదుగురు మావాళ్లు. మాకవరపాలెం పక్క పల్లెల నుంచి, పైన ఏజెన్సీ కొండల నుంచి సత్తిరాజు అనే కంట్రాక్టరు కూలికి పట్టుకెళ్లిన, సరుకు మోసే కళాసీలు. ఒకే బోటు, ఒకే తుపాను. ఎవరి శవమూ దొరకలేదు. యూనిఫాం ఉన్నవాళ్లు అమరులయ్యారు. లుంగీ కట్టుకున్నవాళ్లు అసలు బోటే ఎక్కలేదట!

ఆ మాట మాకు నర్సీపట్నం ఆర్డీవో ఆఫీసులో చెప్పారు. సోమవారం అర్జీల రోజు. ఐదు కుటుంబాలూ నా ఆటోలోనే వచ్చాయి. అక్కడి అధికారి ఫైలు తిరగేశాడు.

"తుపానుకు ముందురోజే ఐదుగురూ పని మానేసి వెళ్లిపోయారని కంట్రాక్టరు రాసిచ్చాడు."

"ఆడు దొంగనాకొడుకండి!" అన్నాను.

"నోరు అదుపులో పెట్టుకో. మేమూ విచారణ చేయించాం. ఇదిగో, మాకవరపాలెం మండలం, సింగన్న భార్య అప్పలలక్ష్మి వాంగ్మూలం. 'మా ఆయన పనికెళ్లారండి, వచ్చేస్తారు' అని చెప్పింది. కింద వేలిముద్ర. భార్యే బతికున్నాడంటుంటే నేను చచ్చిపోయాడని ఎలా రాయను? ఒకడు బోటెక్కకపోతే మిగతా నలుగురూ ఎక్కనట్టే. ఏడేళ్లు ఆగండి. అప్పటికీ రాకపోతే కోర్టుకెళ్లండి."

ఏడేళ్లు! పధ్నాలుగు నెలలకే ఆ ఐదిళ్లల్లో మనుషులు సగమైపోయారు. పిండం పెట్టడానికి లేదు. ఏడవడానికీ లేదు. ఏడిస్తే అపశకునమంటారు, ఏడవకపోతే రాయంటారు.

మెట్ల మీదకు రాగానే, ఐదుగురిలో ఒకడైన గోవింద్ తల్లి తలుపులమ్మ అప్పలలక్ష్మి జుట్టు పట్టుకుంది.

"ఒలే! నా కొడుకుని నడిసముద్రంలో ఓపాలి ముంచినారు. నువ్వు నోటితో రెండోపాలి ముంచీసినావే!"

"నానేటి సేసాను పెద్దమ్మా? ఆరై గారొచ్చి 'మీ ఆయనేడీ' అన్నారు. బొట్టెట్టుకున్నదాన్ని, నా నోటితో పోయాడని ఎలగంటాను? అలగంటే నానే సంపీసినట్టు కాదేటి?"

ఆమె తప్పా అది? ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. గుమ్మం దాటేవాడు వెళ్తానంటే చాలదు, వెళ్లొస్తాననాలి. శవం కళ్లజూడని ఆడది మొగుడు పోయాడని ఏ నోటితో అంటుంది? అసలు ఆయన పేరే ఆమె ఏనాడూ పలికింది లేదు. అడగడానికొచ్చిన ఆ రెవెన్యూ ఆర్‌ఐకి ఇది తెలియదా? వాళ్లమ్మ మాట్లాడే భాష కాదా? తెలిసే రాసుకున్నాడు. మా మర్యాదనే మాకు ఉరితాడు చేశాడు.

ఇద్దరినీ విడదీసింది కామమ్మ. కొండమనిషి, ఆ ఐదుగురిలోనే ఒకడైన బాలన్న భార్య. పసుపు, చింతపండు కొండ మీంచి సంతకు దించి అమ్ముకునే మనిషి. తక్కువ మాట్లాడుతుంది.

"మీరూ మీరూ కొట్టుకుంటే ఆ సత్తిరాజు నవ్వుతాడు. దాని జుట్టు వదులు. పట్టుకోవాల్సిన జుట్టు లోపలుంది" అంది.

ఆ సాయంత్రం జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర మీటింగు పెట్టాం. షిఫ్టు దిగిన ఆడవాళ్లు జీడి నూనెకు నల్లబడిన వేళ్లతో, క్యారేజీలతో అలాగే కూర్చున్నారు. మా ఆటో యూనియన్‌లోనే ఒకడు లేచి, "ఇది సముద్రం గొడవ, మనకెందుకన్నా?" అన్నాడు.

"మనకెందుకా?" ఒకామె కస్సుమంది. "రేపు ఈ ఫ్యాక్టరీలో బాయిలరు పేలి నాను పోతే, ఆ పొద్దు పనికే రాలేదని రాస్తారు. నా పేరు రాసుకున్నోడెవడు? నీ పేరు రాసుకున్నోడెవడు?"

వాడు కూర్చున్నాడు. సోమవారం అందరం వెళ్దామన్నాం.

సోమవారం నూటయాభై మందిమి ఆఫీసు గేటుకు అడ్డంగా కూర్చున్నాం. ఆటోలు బంద్. ఎండ మండిపోతోంది. ఒకటే కోరిక: మా ఐదుగురూ బోటులో పోయారని రాయండి, ఆ రాతి మీద పేర్లు చెక్కండి. అప్పలలక్ష్మికి మైకు ఇచ్చాం. "నీ మాటే వాళ్ల సాక్ష్యం. నువ్వే కొట్టెయ్యి" అన్నాను. ఆమె నోరు తెరిచింది. "మా ఆయన..." అంది. మైకు నా చేతిలో పెట్టేసి మొహం కప్పుకుంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నం వ్యాన్లు వచ్చాయి. ఈడ్చుకెళ్లారు. తలుపులమ్మను రెండు కాళ్లూ పట్టి ఎక్కించారు, ముసలిదని కూడా చూడలేదు. నలభైముగ్గురిని స్టేషన్ ఆవరణలో కూర్చోబెట్టి, బల్ల వేసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టారు. ముందు వరసలో అప్పలలక్ష్మి.

"పేరు?"

"అప్పలలక్ష్మి."

"భర్త పేరు?" అన్నాడు స్టేషన్ రైటరు, తలెత్తకుండా.

ఆమె చేతి గాజుల వంక చూసుకుంది. కామమ్మ వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసింది.

"సింగన్న" అంది. పెళ్లైన పదకొండేళ్లకు మొదటిసారి. "సింగన్న. పోయాడు. తుపాన్లో బోటు మునిగి పోయాడు. అలగే రాయండి."

తలుపులమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"సర్టిఫికెట్ లేకుండా 'లేట్' అని ఎలా రాస్తానమ్మా?"

"పనికెల్లాడంటే ఏ సర్టిఫికెట్ సూసి రాసుకున్నారు బాబూ? అప్పుడు నా మాట సెల్లింది కదా. ఇప్పుడూ నా మాటే. రాయండి."

"కుదరదు."

"అయితే మా పేర్లూ కుదరవు" అంది కామమ్మ.

నలభైముగ్గురం నోళ్లు మూసుకున్నాం. పేర్లు లేవు, ఊళ్లు లేవు, వేలిముద్రల్లేవు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. బయట ఫ్యాక్టరీ షిఫ్టు దిగి మరో వంద మంది గేటు దగ్గర పోగయ్యారు. ఎస్సై విసిగిపోయాడు.

"రాసెయ్యవయ్యా, పీడా వదిలిపోద్ది! బేగి కోర్టుకి పంపించీ ఈళ్లని!"

రాశాడు. 'అప్పలలక్ష్మి, భర్త లేట్ సింగన్న, బోటు ప్రమాదంలో మృతి.' ఆ తర్వాత బాలన్న. ఆ తర్వాత, తలుపులమ్మ పేరు పక్కన, కొడుకు గోవింద్. ఐదుగురూ కాగితమెక్కారు. మా మనుషులు చచ్చిపోయారని సర్కారు మొదటిసారి రాసింది మా మీద పెట్టిన కేసులోనే! ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఉందా?

ఆ కేసు ఇంకా నడుస్తోంది. రాతి మీద పేర్లు ఇంకా పన్నెండే. సత్తిరాజు కొత్త బోటుకు కూలీలను వెతుకుతున్నాడని విన్నాం. బెయిలు వచ్చాక ఆ ఎఫ్‌ఐఆర్ జిరాక్సులు తీసి నర్సీపట్నంలో ప్రతి ఆటో వెనకా అంటించాం. కోటవురట్ల నుంచి, ఎస్. రాయవరం నుంచి, మేమెరగని ఇళ్లవాళ్లు అది చదివి వచ్చారు. ఏ క్వారీలోనో, ఏ కంపెనీలోనో పేరు లేకుండా పోయిన వాళ్ల మనుషులు.

ఆ పై సోమవారం మళ్లీ అదే గేటు. ఈసారి ఎంతమందిమో లెక్కపెట్టలేదు. అప్పలలక్ష్మి నన్ను అడక్కుండానే మైకు లాక్కుంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. తీయమని ఎవరూ అనలేదు, అనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"పన్నెండు పేర్లు మీరు సదివినారు" అంది, గేటు లోపలికి చూస్తూ. "మిగతాయి నాను సదువుతాను, ఇనండి. పదమూడు. సింగన్న."