వెంకటరామి ముత్తాతల అరమనె

దగ్గరికి జరగండమ్మా, ఇంకా దగ్గరికి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఇది వెంకటరామి తన ముత్తాతలను వెతుక్కుంటూ కొండెక్కిన కథ. వెతకడానికి పోయాడంటే వాళ్ళను పోగొట్టుకున్నాడనుకునేరు. అదేం లేదు, అంతకు వారం ముందే కొత్తగా సంపాదించుకున్నాడు.

మన బళ్ళారి జిల్లాలో ఎర్రమట్టి బంగారం ధర పలికిన రోజులవి. వేరుశనగ పండని చేను కింద ఇనుము ఉందని తెలిసిన వారానికే ఆ రైతు నల్లకళ్ళద్దాలు పెట్టేవాడు. వెంకటరామీ అట్లా పెట్టినవాడే. పది లారీలు, ఒక పెద్ద కారు, మెడలో మోకంత గొలుసు. కారు తెల్లదని అతను చెబితే నమ్మాలి గానీ, దోణిమలై గనుల దారి దుమ్ముకు అది ఏనాడో ఎర్రబడిపోయింది. ఇన్ని ఉన్నా అతనికి లేనిదల్లా ఒక వంశం.

ఆ కొరత కూతురు యశస్విని పెళ్ళిమాటల దగ్గర బయటపడింది. పిల్లవాడు జీవన్, కంటోన్మెంట్‌లో పాత బంగళావాళ్ళ మనవడు. పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. తలుపుకు అడ్డంగా నిలబడింది జీవన్ అవ్వ నాగలక్ష్మమ్మ.

"లారీలు నిన్న మొన్నటివి కదప్పా. అంతకు ముందు మీవాళ్ళు యాడుండిరి?" అని అడిగింది.

"హుణసెదుర్గం కొండ మీద పెద్దమ్మా. పైన రాజులుండే అరమనె ఉండాది చూడు, అది మా ముత్తాతలదే," అనేశాడు వెంకటరామి. వేడి కాఫీ తాగుతూ అన్నాడు, నోరు కూడా కాలలేదు.

"అట్లనా! చూపిచ్చు మరి."

గైడును మాట్లాడతానన్నాడు అతను. "వద్దప్పా. నువ్వు మాట్లాడిన గైడు నీ మాటే మాట్లాడతాడు," అని ఆమె చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. చరిత్ర పిచ్చి ఉన్న నలుగురు మేష్టర్లు అచ్చేయించిన పటం అది. కొండ మీది పాత ఊరిని ఎవరికి వారే నడిచి చూసుకునేటట్టు బండల మీద పన్నెండు అంకెలు వేశారట. వాటి వెంబడి పోతే పన్నెండో అంకె దగ్గర అరమనె. అది చూసి మనసు కుదిరితేనే తాంబూలాలని తేల్చేసింది నాగలక్ష్మమ్మ.

ఆదివారం పొద్దున్నే యశస్వినితో కలిపి ముగ్గురూ మెట్లెక్కారు. నాగలక్ష్మమ్మకు డెబ్బై రెండేళ్ళు, చేతిలో గొడుగు. వెంకటరామికి నలభై ఎనిమిది. ఇంట్లోంచి కారు దాకా తప్ప అతను నడిచి చాలా ఏళ్ళయింది. ఒకటో అంకె ఉన్న కోటవాకిలి దగ్గరే చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఈ వాకిట్లోనే మా ముత్తాత ఏనుగు దిగుతా ఉండె," అన్నాడు, ఆయాసం కనబడకుండా.

యశస్విని వాకిలిని ఎగాదిగా చూసింది. "దీంట్లో ఏనుగు పట్టదు నాయనా."

"చిన్న ఏనుగులే."

మూడో అంకె దగ్గర గుండ్రటి గుంటలున్న బండ. అక్కడ ముత్తాత ముత్యాలు కొలిచేవాడట. పటంలో మాత్రం సిపాయిలకు రాగులు దంచిన రోళ్ళని ఉంది. నాగలక్ష్మమ్మ పటం చదివింది, అతని మొహం చూసింది, గొడుగు ఊపుకుంటూ ముందుకు నడిచింది. తిట్టినా బాగుండు అనిపించింది వెంకటరామికి.

ఆరో అంకె దాటాక దారి రెండుగా చీలింది. ఒకవైపు పసుపు రంగులో వెలిసిపోయిన ఏడు. ఇంకోవైపు తెల్లటి చుట్టు లోపల కొత్తగా వేసిన ఎర్రటి ఏడు, పక్కన బారెడు బాణం.

"రాస్తే ఇట్ల రాయల్ల! గుడ్డోనికి గూడా కనపడ్తాది," అని వెంకటరామి బాణం వెంట తీశాడు.

ఎర్ర ఎనిమిది పశువుల కొట్టం గోడ మీద ఉంది. తొమ్మిదేమో బట్టలుతికే బండ మీద. పదో అంకె ఒక ఇంటి గడప మీదే ఉంది, పదకొండు ఆ ఇంటి పెరట్లో తులసికోట మీద. మేష్టర్లకు ఈ ఇంటి మీద ఇంత భక్తి ఏమిటా అని యశస్వినికి అనుమానం వచ్చింది. ఇంటామె తిమ్మమ్మ మిరపకాయలు ఆరబోస్తూ తలెత్తింది.

"అరమనెకు ఇట్లేనా అవ్వా?" అని యశస్విని అడిగింది.

"అరమనెకూ ఇట్లే, మా వంటింటికీ ఇట్లే. మీరు పట్టుకొనొచ్చింది మేష్టర్ల నంబర్లు కాదమ్మా, అవి పసుపువి. ఈ ఎర్రవి గని సర్వేవాళ్ళవి. ఈ హద్దుల లోపల అంతా తవ్వేస్తారంట."

"ఎవడు వాడు?" వెంకటరామి మీసం మెలేశాడు. పక్కన కాబోయే వియ్యపురాలి అత్తగారు ఉన్నప్పుడు పౌరుషం చూపకపోతే ఎట్లా? "మా ముత్తాతల అరమనె మీద చెయ్యి పెట్టేంత మొనగాడు ఎవడు?"

"నాకు చదువు రాదప్పా. అరమనె గోడకు నోటీసు అంటిచ్చిపోయినారు, నువ్వే చూసుకో."

తిమ్మమ్మ పెరటి పక్కనే ఉన్న ఆ గోడ దగ్గరికి నలుగురూ పోయారు, నాగలక్ష్మమ్మ కళ్ళజోడు సర్దుకొని పైకే చదివింది. సర్వే నంబరు రెండు వందల పదకొండులో గని తవ్వడానికి అర్జీ పెట్టుకున్నవాడు లారీల యజమాని వెంకటరామి. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసివ్వాలి.

ఎట్లా జరిగిందంటారా? అప్పట్లో మనవాళ్ళకు కొండలకు పేర్లుంటాయన్న సంగతే గుర్తులేదు, సర్వే నంబర్లే. గుమాస్తా ఒకే పూట అయిదు అర్జీలు తెస్తే, కారు బానెట్ మీద పెట్టి అయిదింటికీ సంతకం గీకాడు. రెండు వందల పదకొండు అంటే ఏదో బీడు అనుకున్నాడు. తాను ముత్తాతల చేత కాపురం పెట్టించిన కొండే అదని ఏ కాగితమూ చెప్పలేదు మరి.

నాగలక్ష్మమ్మ గొడుగు ముడిచి అరుగు మీద కూచుంది. "ఇది నీ ముత్తాతల ఇల్లయితే, సొంత ఇల్లు తవ్వి లారీకెత్తేవాడివి నువ్వు. కాకుంటే అబద్ధాలకోరువి. ఈ రెండింట్లో యా ఇంటి పిల్లను చేసుకోమంటావప్పా?"

యశస్విని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తండ్రి వైపే చూస్తోంది. వెంకటరామి కాళ్ళ కింది నేలను చూశాడు. ఎర్రగా, బరువుగా, మంచి సరుకు.

"మాదే పెద్దమ్మా. తెలీక సంతకం పెట్టినా. వాపసు తీసుకుంటా."

"నోటిమాట నాకొద్దు. రాయి."

పటం వెనకవైపు, కూతురు ఇచ్చిన పెన్నుతో, తన అర్జీ మీద తానే అభ్యంతరం రాశాడు వెంకటరామి. లోకంలో అట్లాంటి కాగితం ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు.

"సాక్షి కావల్ల," అని నాగలక్ష్మమ్మ తిమ్మమ్మ వైపు తిరిగింది. "ఈయన ముత్తాతలు ఈడుండింది నిజమేనా?"

తిమ్మమ్మకు ఆ కొండ మీద ఏడు తరాల్లో ఏ ఇంట ఎవరు పుట్టారో, ఎవరు పోయారో నోటికి వచ్చు. వెంకటరామి వంశంలో ఒక్కడూ కనీసం మేకలు కాయడానికైనా ఆ కొండెక్కలేదు. ఆమె తులసికోట మీది ఎర్ర అంకెను చూసింది. చెమటలు కారుతున్న వెంకటరామిని చూసింది.

"ఉండకేమమ్మా! ఆ ముక్కు చూడు, అచ్చం వాళ్ళదే. మా ఇంటి వెనక గోడ కట్టిస్తామని మాటిచ్చి పోయినారంట. ఇన్నాళ్ళకు వారసుడు దొరికినాడు."

అని కాగితం మీద బొటనవేలు ఒత్తింది.

నెల తిరక్కముందే అర్జీ వెనక్కి వచ్చింది, తాంబూలాలూ అయ్యాయి, తిమ్మమ్మ గోడ కూడా లేచింది. పెళ్ళికార్డు మీద వెంకటరామి 'హుణసెదుర్గం సంస్థానం' అని బంగారు అక్షరాలతో కొట్టించాడు. నాగలక్ష్మమ్మ దాన్ని చదివి, "వంశం లేకుంటేనేమి, ఈ పొద్దుతో మొదలాయె," అని జీవన్ చెవిలో అందట.

చుట్టుపక్కల కొండలన్నీ లారీలెక్కి పోయాయి. అదొక్కటి నిలబడే ఉంది. దాన్ని కాపాడింది ఏ సత్యవంతుడో అని ఎవరైనా మీకు చెబితే నవ్వండి, తరవాత కూచోబెట్టి ఈ కథ చెప్పండి. వెంకటరామి పేరు మరిచిపోయినా ఫరవాలేదు. తిమ్మమ్మ వేలిముద్ర వేసిన సంగతి మాత్రం వదిలేయకండమ్మా.