మొండి గొట్టం

పంపు పిన్ని చేతిపంపు పిడిని కిందికి నొక్కింది, పైకి ఎత్తింది, మళ్ళీ నొక్కింది. పొద్దున్నుంచీ ఇదే వరస. పక్కనున్న ఇనుప తొట్టిలో, బిగించిన మూత కింద, రెండు కొసలూ మూసిన గొట్టం నీళ్ళలో మునిగి ఉంది. పిన్ని నొక్కిన కొద్దీ ఆ నీళ్ళు దాన్ని అన్ని వైపుల నుంచీ అదుముతాయి. ఏ గొట్టం ఎంత ఒత్తిడికి కూలుతుందో చూడటమే ఆ షెడ్డులో పని. కూల్చటం పిన్ని వంతు.

ఈ ఒక్కటి మాత్రం మహా మొండిది. పిన్ని మొగుడు బతికుండగా దీనితో పెనుగులాడి, చేతులు పడిపోయి వదిలేశాడు. ఆయన ఆగిన చోట, ఒత్తిడి చూపే డయలు మీద గీసిన ఎర్రగీత ఇంకా ఉంది. ఆయన పోయాక పంపు పిన్నికొచ్చింది, పిడికి చుట్టిన ఆయన చొక్కాగుడ్డతో సహా. రేపట్నుంచి మోటారు పంపు. పిన్నికి ఇవాళే ఆఖరు. మోటారుకు చిక్కేలోపు దీని అంతు తేల్చాలి, అంతే!

"వదిలెయ్ పిన్నీ, బాబాయికే లొంగలేదు," అన్నాడు ఫిట్టరు.

"అప్పుడది నిండు గుండ్రం రా నాయనా! ఎటు నొక్కినా ఓర్చుకుంది. పోయినేడు క్రేను కొక్కెం జారి దాని నడుం మీద పడలా? కంటికి ఆనదు గానీ అరచేతికి తెలిసింది, అక్కడ కాస్త చదునైంది. కూలితే అక్కడే!"

ముల్లు ఎర్రగీత దాకా పాకి నిలబడిపోయింది. పిడి కదలనంది. అందరూ పనులొదిలేసి మూగారు, సూపర్‌వైజరైతే ఏకంగా బల్లే ఎక్కాడు. ఇక లాభంలేదని పిన్ని ఒక్క ఎగురు ఎగిరి పిడి మీద కూర్చుంది!

"అమ్మో, పిన్నీ!"

పిడి జానెడు దిగింది. ముల్లు గీత దాటింది! పిన్ని దిగి, పిడి ఎత్తి, మళ్ళీ ఎక్కింది. ధన్‌మని నేల అదిరింది. ముల్లు దభాలున పడిపోయింది. ఒకటే ఈలలు, కేకలు. మూత తీసి పైకి లాగితే గొట్టం నడుం దగ్గర అట్టముక్కలా అతుక్కుపోయి ఉంది. పిన్ని దాన్ని ఒక్క చరుపు చరిచి, పకపకా నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

గంట కొట్టగానే పిన్ని అన్నం డబ్బా చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది.

"పిన్నీ, గుడ్డ మరిచిపోయావ్!" అని కేకేశాడు ఫిట్టరు.

"మరవలేదురా. గెలిచాడుగా మీ బాబాయి, కాసేపు ఇక్కడే ఉండనీ."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కిందికి దిగి ఆగిన పిడి మీద ఆ చొక్కాగుడ్డ పిన్ని చెమటకి ఇంకా తడితడిగానే ఉంది.