తువ్వాలు కింద మిగిలిన వేలు

నేను ఒక ఎర్ర తువ్వాలును. చెమట తుడవడానికి పుట్టినవాళ్ళం మేము. మా జాతిలో నాకు మాత్రం వేరే పని దొరికింది. నా కింద మనుషులు నిజం చెప్పుకున్నారు.

చీరాలలో ఒక గుంట మగ్గం మీద నన్ను నేశారు. నేసిన మనిషి నా అంచు బిగువుగా కొట్టాడే తప్ప నా మీద ప్రేమేమీ పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోలేదు. సరుకు సరుకులాగే గడప దాటాలి. నన్ను కొన్నది చల్లా రంగనాయకులు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. రైతు తెచ్చిన కాయను కొనేవాడికి చూపించి, బేరం కుదిర్చి, మధ్యలో తన కమీషన్ తీసుకోవడం ఆయన పని.

ఆ రోజుల్లో బేరం నోటితో జరిగేది కాదు. ఇద్దరి చేతుల మీద నన్ను కప్పేవారు. కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకునేవారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ధర అంత. పైన మాత్రం "నీకు బుద్ధుందా, ఈ కాయకు ఆ రేటా" అని అరుచుకునేవారు. అరుపు చుట్టూ ఉన్నవాళ్ళ కోసం, వేళ్ళు ఎదుటివాడి కోసం. కింద ఎంతకు దిగివచ్చారో బయట ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరి పరువూ పోయేది కాదు. మనిషి దిగిరావడానికి ఎప్పుడూ సిద్ధమే. దిగుతుండగా పక్కవాడు చూడకూడదు, అంతే. ఇన్నాళ్ళ బతుకులో నేను సంపాదించిందల్లా ఈ ఒక్క ముక్క.

తరవాత వేలం కంప్యూటర్ల మీదికి వెళ్ళింది. రంగనాయకులు పోయారు. కొట్టు ఆయన కూతురు కనకవల్లి చేతికి వచ్చింది, నేను ఆమె సొరుగులో చేరాను. సొరుగులో లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. చిరగకుండా ఉండడమే రాబడి.

ఆ కొట్టు ఇద్దరి మీద నడిచేది. గుమాస్తా భావనారాయణ రైతులతో మాట్లాడి సరుకు రప్పించేవాడు. ముఠా మేస్త్రి ఏసోబు తన మనుషులతో బస్తాలు దించి, కాటా వేయించి, లారీ ఎక్కించేవాడు. మార్చిలో ఒక మధ్యాహ్నం వేళకాని వాన పడి ఆరుబయట ఉన్న బస్తాలు తడిశాయి. కనకవల్లి ఆరోజు ఊళ్ళో లేదు. సిబ్బందిని నడపడం ఎలాగో నేర్పే తరగతికి విజయవాడ వెళ్ళింది.

సరుకు తడిసిన రైతుల ముందే భావనారాయణ, "మబ్బు పట్టగానే టీకి పోయిన ముఠా ఇది. బస్తా తడిస్తే వీళ్ళకేం, కూలి కూలే గదా" అన్నాడు.

"టార్పాలిన్ పట్టాలు బయట పెట్టించాల్సింది ఎవురు? కుర్చీలో కూసోని మబ్బు అందం చూస్తన్నారా గుమాస్తాగారూ?" అన్నాడు ఏసోబు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొట్లో అతనైనా ఉండాలి, తనైనా ఉండాలి అని యార్డంతా వింటుండగా ఇద్దరూ అనేశారు. ఆ మాట అన్నాక ఎవరు ముందు మెత్తబడినా ఓడినట్టే లెక్క. పక్కపక్కనే నిలబడి, చెప్పాల్సింది మూడో మనిషితో చెప్పించుకోసాగారు. లారీలు ఆలస్యమయ్యాయి. రైతులు పక్క కొట్టువైపు చూడడం మొదలుపెట్టారు. కనకవల్లికి అది మొదటి సీజను. సోమవారం యార్డు తెరిచేలోగా ఒకరిని పంపెయ్యక తప్పదనిపించింది. గుమాస్తాను పంపితే రైతులు పోతారు, మేస్త్రిని పంపితే ముఠా పోతుంది. ఎటు తూచినా తరుగే.

చివరి ప్రయత్నంగా ఆ తరగతి చెప్పిన కోచ్‌ను పిలిపించింది. ప్రణీత్ అని, నెమ్మదైన కుర్రాడు. కొట్టు ముందు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించాడు. ముఠా అంతా చుట్టూ చేరింది.

"ఏసోబుగారూ, గుమాస్తాగారి కళ్ళలోకి చూస్తూ, ఆరోజు మీకేమనిపించిందో చెప్పండి."

"ఏవనిపిద్ది బాబూ. ఈయన గొడుగు లాక్కోని ఈయన్నే వానలో నిలబెడదావనిపించింది."

ముఠా నవ్వింది. భావనారాయణ చెవులు ఎర్రబడ్డాయి. "విన్నారుగా సార్. ఇట్టాంటోడితో ఏం మాట్టాడమంటారు?"

కోచ్ కంగారుపడలేదు. "సరే, అది వదిలేద్దాం. జరిగినదాంట్లో మీ వంతు ఎంత? ఎవరికి వారు చెప్పండి."

"నా వంతా? గుండుసున్న" అన్నాడు భావనారాయణ.

"నాదీ అంతే రాసుకోండి."

ఆ ప్రశ్న మంచి సరుకు. చాలా సరుకు చూసినదాన్ని కాబట్టి చెప్పగలను. అమ్మకానికి పెట్టిన చోటే కుదరలేదు.

కనకవల్లికీ అదే తట్టినట్టుంది. సొరుగు లాగి నన్ను తీసింది. "మీ ప్రశ్న కాసేపు నాకు ఇవ్వండి సార్" అంది.

"తువ్వాలెందుకండీ?"

"మా నాన్నగారి మీటింగు హాలు ఇది." భావనారాయణ వైపు తిరిగింది. "బాబాయ్, ముందు నువ్వు రా. నా అయిదు వేళ్ళూ కలిపి జరిగిన తప్పనుకో. అందులో నీ వంతు పట్టుకో. నోటితో నీ ఇష్టమొచ్చింది అను."

ఆయన వెనకాడాడు. "ఆడపిల్లవి, అందరి ముందూ నీ చెయ్యి పట్టుకోవటమేందమ్మా."

"బేరానికి ఆడేంది, మగేంది. రా."

ఆయన నోరు, "నా తప్పు ఇసుమంత లేదు, దేవుడి మీద ఒట్టు" అంటోంది. నా కింద వేళ్ళు మాత్రం ఆమె చూపుడువేలినీ నడిమివేలినీ పట్టుకున్నాయి. ఏసోబు వచ్చి, "ముఠా మీద మాటేస్తే ఊరుకునేది లేదు" అని గట్టిగా చెబుతూ ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ పట్టుకున్నాడు. టీ దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో అతనికి తెలియనిది కాదు.

"ఇప్పుడిద్దరూ ఒకేసారి రండి. ఎవరిది వాళ్ళే పట్టుకోండి."

వాన పడినప్పటి నుంచి ఆ రెండు చేతులూ ఒకదానికొకటి తగలడం అదే మొదలు. ఎదుటివాడు ఎంతకు దిగాడో ఇద్దరికీ స్పర్శతోనే తెలిసింది. బొటనవేలు మిగిలింది. దాని జోలికి ఎవరూ పోలేదు. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. పట్టాలు పెట్టిన గదికి తాళం ఉంది. ఆ తాళంచెవి వాన పడినరోజు విజయవాడలో, తరగతిలో కూర్చున్న కనకవల్లి సంచిలో ఉంది. జీతమిచ్చే మనిషి వంతు ఎంతో జీతం తీసుకునేవాడు పైకి అనడు. అందుకే ఆ బరువును కూడా వాళ్ళు ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు.

ఆ సంగతి ఆమెకు ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నేను చెప్పలేను. నాకు తెలిసేది వేళ్ళ సంగతే. ఆమె రెండో చెయ్యి కూడా నా కిందికి వచ్చింది. తన బొటనవేలును తనే పట్టుకుంది.

నా కింద పట్టు ఒక్కొక్క వేలే వదులైంది.

"బేరం తెగినట్టేనా గుమాస్తాగారూ?" అన్నాడు ఏసోబు.

"తెగింది. మబ్బు పడితే మాత్రం టీ ఇక్కడికే తెప్పించుకోండి."

"డబ్బులు మీరిస్తారా?"

"అమ్మాయి ఇస్తదిలే."

ఎవరి వంతు ఎంత వచ్చిందని కోచ్ అడిగాడు. అది బయటికి చెప్పే ఆచారం లేదని కనకవల్లి చెప్పింది. ఇలాంటి తువ్వాలు ఎక్కడ దొరుకుతుందని కూడా అడిగి వెళ్ళాడు. అతనూ వ్యాపారం తెలిసినవాడే.

ఎవరినీ పంపలేదు. సోమవారం యార్డు తెరిచేసరికి ఆ తాళంచెవి కాటా పక్కన మేకుకు వేలాడుతోంది. దూరం నుంచి కూడా కనబడాలని కనకవల్లి నా అంచు చించి దానికి కట్టింది. మిగతా నన్ను కాటా అద్దం తుడవడానికి ఇచ్చారు. ఆ భాగం అరిగి, చిరిగి, ఎప్పుడో చెత్తబండి ఎక్కింది. దాన్ని నష్టం కింద వేసుకోను. ఉన్న ముక్కకు పని ఉంది.

మొన్న మళ్ళీ మబ్బు పట్టింది. ఇద్దరూ రెండు వైపుల నుంచి పరుగెత్తుకొచ్చి ఒకేసారి నా మీద చెయ్యి వేశారు.

"తప్పుకోవయ్యా, నేను తీస్తా."

"మీరు తీసేసరికి వాన వెలిసిద్ది."

చూసేవాళ్ళు మళ్ళీ తగాదా మొదలైందనుకున్నారు. నా మీద బిగిసిన రెండు చేతులూ కలిసి ఒక్క గుంజు గుంజాయి. తాళంచెవి మేకు నుంచి ఊడి వచ్చింది.