ఆకలి చూపే తుపాకులు

సౌకార్‌పేటలో మిరపకాయల మండీ వరదరాజులు ప్రతి శనివారం తలంటుకున్నాక, గిన్నెలో మిగిలిన నూనెతో తుపాకులు తుడిచేవాడు. తలకంటే తుపాకులకే ఎక్కువ నూనె పట్టేది. ఆ తల చూసినవాళ్ళెవరూ ఆయన్ని తప్పు పట్టలేదు.

అవి మొత్తం ఏడు, అన్నీ తాతల నాటి గుర్రపు రౌతులు వాడిన కార్బైన్లు, అంటే పొట్టి తుపాకులు. మీట కిందికి లాగి వదిలితే తూటా వెనక తూటా ఎక్కేదట. పక్కనున్న ఉంగరాలతో హాల్లో మేకులకు వేలాడుతుండేవి. ఎదుట ఎవరికైనా ఆకలేస్తే మెల్లగా తిరిగి వాళ్ళవైపు మూతి పెట్టేవి. అప్పుడు ఆయన భార్య అలమేలు భోజనానికి ఆకు వేసేది. లైసెన్సు చూడ్డానికి ఏటా వచ్చే ఇన్‌స్పెక్టరు సరిగ్గా భోజనాల వేళకే ఎందుకొచ్చేవాడో వీధిలో అందరికీ తెలుసు.

వరదరాజులువైపు మాత్రం ఒక్కటీ తిరిగింది లేదు. ఆకలేసేదాకా ఆగే అలవాటు ఆయనకు లేదు.

ఆయన కొరతల్లా ఒక్కటే. ఎగ్మోరు గోపాలస్వామి దగ్గర ఇత్తడి ఒళ్ళున్న వించెస్టర్ కార్బైన్ ఉంది, ఈయన దగ్గర లేదు. గోపాలస్వామిని పెళ్ళికి పిలిచినా, చావుకి పిలిచినా దాని మాటే ఎత్తేవాడు. ఇరవై ఏళ్ళుగా వరదరాజులుకు కలలో కూడా ఆ ఇత్తడే మెరిసేది.

ఒక ఉదయం రాయపురం నుంచి మోసెస్ అనే అతను గోనెపట్టాలో ఏదో చుట్టుకొచ్చి విప్పాడు. ఇత్తడి తళుక్కుమంది.

"మా తాత దొర కాడ గుర్రాలు చూసేవాడు మొదలాళీ. దొర సీమకు పోతాపోతా ఇచ్చినాడంట. ఇల్లు ఇరుకు, అడ్డంగా ఉండాది. మీరు తీసుకుంటారని..."

వరదరాజులు గుండె గబగబా కొట్టుకుంది. మొహం మాత్రం తాలు మిరపకాయలు చూస్తున్నట్టు పెట్టాడు.

"తుప్పు పట్టినట్టుండాదే."

"ఇత్తడికి తుప్పేంది మొదలాళీ?"

అలమేలు వంటింట్లోంచి వచ్చింది. "భోంచేసినావా నాయినా?"

"ఇప్పుడే తినొస్తి అమ్మా."

గోడమీది ఏడు తుపాకులూ అతనివైపు తిరిగాయి. అలమేలు ఆకు వేసింది. తినొచ్చిన మనిషి రసందాకా వచ్చి మళ్ళీ సాంబారు అడిగాడు. హార్బర్లో పని పోయిందని, అప్పులవాళ్ళు వాకిట్లోనే ఉన్నారని మజ్జిగన్నం దగ్గర చెప్పాడు. వరదరాజులు అతనడిగింది ఇచ్చి పంపేశాడు. అతనడిగింది బొత్తిగా తక్కువని తెలిసీ, బేరమాడనందుకు తన్ను తాను మెచ్చుకున్నాడు.

మర్నాటికి కొత్త తుపాకి కిటికీవైపు తిరిగి ఉంది. ఉంగరం అరిగిందనుకుని వరదరాజులు మేకు మార్చాడు. కిటికీ అవతల నిలబడ్డ బండివాడికి అన్నం పెట్టించాడు. కిటికీ మీది కాకికీ పెట్టించాడు. కాకి తిని పోయింది. తుపాకి కదల్లేదు.

"ఆ పక్క ఏముండాది?" అంది అలమేలు.

"వీధి."

"దానవతల?"

"రైలు పట్టాలు."

"దానవతలో?"

వరదరాజులు పంటినొప్పి ఉన్నవాడిలా అన్నాడు, "రాయపురం."

అలమేలు క్యారియర్ నింపింది. "తుపాకీ ఎత్తుకుపోండి. లేకుంటే ఏ ఇల్లని వెతుకుతారు?"

ఒక చేత్తో క్యారియర్, చంకలో గోనెపట్టా. సందు సందుకీ పట్టా విప్పి, మూతి ఎటుందో చూసుకుంటూ నడిచాడు. చేపలమ్మే ఆడవాళ్ళు నవ్వుకున్నారు. తుపాకి ఒక పూరింటి ముందు ఆగి, లోపలికి చూసింది.

లోపల మోసెస్, అతని తల్లి పొన్నుతాయి కూర్చుని ఉన్నారు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది.

"ఇప్పుడే తింటి నాయినా," అంది ఆమె. "మీకెందుకీ శ్రమ?"

వరదరాజులు తుపాకిని గోడకి తగిలించాడు. అది ఆమెనే చూసింది. ఆమె దాన్ని చూసి, కొడుకుని చూసి, క్యారియర్ దగ్గరికి లాక్కుంది. ఆమె చెయ్యి కడుక్కునేసరికి తుపాకి మూతి కిందికి వాల్చింది.

వరదరాజులు దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాచాడు. ఇత్తడి చల్లగా, నున్నగా ఉంది. గోపాలస్వామి మొహం ఎట్లా మాడేదో కళ్ళకు కట్టింది. కానీ రేపు తెల్లారితే ఇది మళ్ళీ ఇటే తిరుగుతుంది. ఆయన ఎంతసేపు అట్లా నిలబడ్డాడంటే, పిల్లి లేచి వచ్చి ఆయన కాళ్ళు వాసన చూసి వెళ్ళిపోయింది.

"మోసెస్, రేపట్నుంచి మండీకి రా. మూటలెత్తుతావు గదా?"

"ఎత్తుతాను మొదలాళీ. మరి తుపాకి?"

"ఈడే ఉండనీ. దానికి మా ఇంటి వంట సరిపడలా."

ఈ మాట అలమేలు చెవిదాకా చేరింది. ఎట్లా చేరిందని అడక్కండి.

వరదరాజులు ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ ఇంటికి నడిచాడు. భోజనాల వేళ దాటి చాలాసేపయింది. హాల్లో అడుగు పెట్టాడో లేదో, ఏడు తుపాకులూ ఒక్కసారిగా తిరిగాయి.

ఎవరొచ్చారా అని ఆయన వెనక్కి చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు.

"ఇప్పుడే తినొస్తి," అన్నాడు.

అలమేలు ఆకు వేసింది.