పిట్సో తొడుక్కున్న కారు

పిట్సో పోయి పదకొండు నెలలు నిండాక, ఒక ఆదివారం మధ్యాహ్నం అతని అన్న సెఫాకో వచ్చాడు. మరదలు పులెంగ్ ఇచ్చిన టీ రెండు కప్పులు తాగి, మూడో కప్పుకి చెయ్యి చాపుతూ అసలు సంగతి బయటపెట్టాడు. వచ్చే నెల ఏడాది సంతాపం ముగిసి ఆమె నల్లబట్టలు విప్పే రోజున, చనిపోయినవాడు తొడుక్కున్నవన్నీ బంధువులకు పంచడం పద్ధతి. టోపీ ఒకరికి, కోటు ఒకరికి, బూట్లు ఒకరికి. కారు మాత్రం తనకు రావాలట.

"కారు బట్టెలా అవుతుంది బావగారూ?" అంది పులెంగ్.

"వాడు ఇంకేం తొడుక్కున్నాడమ్మా? లేచింది మొదలు ఆ కారునే తొడుక్కుని తిరిగాడు. కట్లెహాంగ్‌లో ఎవర్నైనా అడుగు."

అందులో పూర్తి అబద్ధమేమీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. ముక్కు చదునుగా, నాలుగు గుండ్రటి దీపాలతో డబ్బాలా ఉండే ఆ పాత బీఎండబ్ల్యూని అక్కడ గుషేషే అంటారు. వీధిలో గుషేషే వెళ్తుంటే పెళ్లి ఊరేగింపును వదిలేసి జనం ఇటు తిరుగుతారు. శనివారాలు బీరు దుకాణం వెనక మైదానంలో పిట్సో దాన్ని గిరగిరా తిప్పేవాడు. పొగ, రబ్బరు కాలిన వాసన, ఈలలు. కారు తిరుగుతుండగానే కిటికీలోంచి నడుము దాకా బయటికొచ్చి, టోపీ తీసి జనానికి సలాం కొట్టేవాడు. అది చూసినవాళ్లు 'పిట్సో కారు' అన్నారంటే వాళ్ల తప్పేమీ లేదు.

కానీ కారు పులెంగ్‌ది. ఆమె జెర్మిస్టన్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తుంది. పదమూడేళ్ల కిందట పాత ఇనుము యార్డులో, ముందు భాగం కాలిపోయి ఎలుకలు కాపురం పెట్టిన ఆ బండిని చూసి ఆగిపోయింది ఆమె. చీటీ ఎత్తి కొన్నదీ ఆమె. యార్డు మనిషి ఆమె చేతిలోంచి డబ్బు తీసుకుని, పక్కన నిలబడ్డ పిట్సోని పేరడిగి కాగితాల మీద రాసుకున్నాడు. ఆమె అప్పుడు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తనని తానే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడేళ్లు పట్టింది. షిఫ్టు అయ్యాక ఫ్యాక్టరీ వెనక షెడ్డులో, ఆఫీసు వాళ్లను బతిమాలుకుని చేసింది. కాలిన ముక్కు కోసేసి ఇంకో చచ్చిన కారు ముక్కు తెచ్చి అతికింది. వైర్లన్నీ పీకి కొత్తవి వేసింది. ఇంజిన్ హెడ్డు నాలుగుసార్లు దింపి నాలుగుసార్లు ఎక్కించింది. స్ప్రింగులు మార్చి బండిని నేలకు దించింది, సీట్లకు ముదురెరుపు తోలు కుట్టింది. అన్నీ అయ్యాక తాళం పిట్సో చేతిలో పెట్టింది. అతను పసివాడిలా గంతులేశాడు, ఆమెకు అది చాలనిపించింది.

ఎవరు బాగుచేశారని జనం అడిగితే పిట్సో "జెర్మిస్టన్‌లో నా మెకానిక్ ఉన్నారు. దేవుడిచ్చిన చేతులు" అనేవాడు. వాళ్ల సోతో భాషలో ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అదే మాట. విన్నవాళ్లంతా ఎవరో మీసాల మెకానిక్‌ని ఊహించుకున్నారు. పిట్సో ఇంటికొచ్చి అది చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పులెంగ్ కూడా పడీపడీ నవ్వేది. రిపేరుకొస్తే గ్యారేజీ తలుపు వేసుకునే పని చేసేది. ఆ మీసాల మనిషి ఏదో ఒక రోజు తన మెడకే చుట్టుకుంటాడని అప్పుడామెకు తట్టలేదు.

మరుసటి వారం సెఫాకో ఒక్కడే రాలేదు. వెంట రూలోఫ్ అనే తెల్లాయన ప్రిటోరియా నుంచి వచ్చాడు. పాత జర్మన్ కార్లు ఏరి ఏరి కొనుక్కుని షెడ్డులో పెట్టుకునే రకం, కారు తన చేతికి రాగానే సెఫాకో ఆయనకే అమ్ముతాడట. పొలాల్లో పెరిగినవాడు కాబోలు, సోతో బాగానే మాట్లాడాడు. కింద గుడ్డయినా పరుచుకోకుండా నేలమీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ఆ ఒక్క పనికి పులెంగ్‌కి ఆయన మీద గౌరవం కలిగింది, ఒళ్లు మండుతున్నా సరే.

ఆయన బానెట్ ఎత్తి, ముక్కు అతికిన చోట వేలితో నెమ్మదిగా తడిమాడు. ఇది ఎవరి పని అని అడిగాడు.

"జెర్మిస్టన్‌లో ఎవరో మెకానిక్ సార్. మా తమ్ముడు దగ్గరుండి చేయించాడు," అన్నాడు సెఫాకో.

పులెంగ్ టీ పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. నల్లబట్టల్లో ఉన్న మనిషి మగవాళ్ల బేరంలో నోరు పెట్టకూడదు.

రూలోఫ్‌కి అన్నిటికన్నా ఆనందం కలిగించింది వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్. మైదానంలో బండి తిప్పే వాళ్లంతా దాన్ని విప్పి లోపలి పళ్లచక్రాలను వెల్డింగుతో ఒకే ముద్ద చేసేస్తారు. అప్పుడు వెనక చక్రాలు రెండూ కలిసే తిరుగుతాయి, బండి బొంగరంలా తిరుగుతుంది. కానీ మామూలు రోడ్డు మీద ప్రతి మలుపులో టైర్లు కీచుమంటాయి, వేసిన వెల్డింగు మళ్లీ ఊడదు. ఈ కారులో ఉన్నది కంపెనీ బిగించినదే, వెల్డింగు లేకుండానే కొంతవరకు బండిని తిప్పగల రకం, ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. స్ప్రింగులూ సీట్లూ మార్చుకోవచ్చు, ఇది పోతే మాత్రం తనకీ కారే అక్కర్లేదన్నాడు రూలోఫ్. కట్లెహాంగ్ లాంటి నల్లవాళ్ల టౌన్‌షిప్‌లో వెల్డింగు పడని గుషేషే దొరకడం తన అదృష్టమట.

అదృష్టం కాదు, పులెంగ్ మొండితనం. మైదానంలో కుర్రాళ్లు వెక్కిరించినప్పుడల్లా పిట్సో వెల్డింగు కొట్టించమని ఆమెను బతిమాలాడు. ఒకసారి మూడు రోజులు సంకటి ముట్టకుండా అలిగాడు కూడా. ఆమె వల్లకాదంటే వల్లకాదంది.

పోతూ పోతూ సెఫాకో ఇంకో మాట అన్నాడు. "నువ్వు నల్లబట్టలు విప్పే రోజున ఆ జెర్మిస్టన్ మెకానిక్‌ని కూడా పిలిపించు. సార్ మాట్లాడాలంటున్నారు."

"అలాగే బావగారూ, పిలుస్తాను," అంది పులెంగ్.

ముందు ఆమె పద్ధతిగానే ప్రయత్నించింది. పిట్సో మేనత్త మమెల్లో దగ్గరికి వెళ్లింది. ఎనభై ఏళ్ల మనిషి, ఆ ఇంట్లో నల్లబట్టలు తొడిగేదీ విప్పేదీ, పంచిపెట్టేదీ ఆవిడే. పులెంగ్ మొదటి నుంచీ అంతా చెప్పుకుంది. మమెల్లో విన్నంతసేపూ బీన్స్ ఏరుతూనే ఉంది.

"కాగితంలో పేరు వాడిది. ఊళ్లో పేరూ వాడిదే. మరి నువ్వెక్కడున్నావే కోడలా?"

"కారు కింద ఉన్నానత్తా."

ముసలావిడ నవ్వలేదు. "కింద పడుకున్నవాళ్లు ఎవరికి కనపడతారే?" అంది. పదిమందిలో సెఫాకో అడిగితే ఇవ్వనని తాను ఏ మొహం పెట్టుకుని అనాలంది. పిట్సో బతికుండగా చెప్పించాల్సిన మాట అతను పోయాక చెబితే, ఆస్తి కోసం అంటున్నావంటారంది. తర్వాత మళ్లీ బీన్స్ ఏరుకుంది.

ఇంటికి నడిచొస్తుంటే పులెంగ్‌కి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సెఫాకో మీద కాదు, వాడి బుద్ధి ఎప్పుడూ అంతే. కోపం పిట్సో మీద. అంతమంది ముందు టోపీ తీసి సలాం కొట్టినవాడు, ఒక్కసారి ఆ టోపీతో తనవైపు చూపించి ఉంటే ఏం పోయేది? పోయినవాడి మీద కోపం రాకూడదంటారు. ఆమెకు వచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

నల్లబట్టలు విప్పే రోజుకి ముందురోజు, శుక్రవారం పొద్దున్నే జాకీలు పెట్టి బండి ఎత్తింది. నల్లగౌను, నల్ల తలగుడ్డ, భుజాల మీద నల్ల దుప్పటి, అన్నీ ఉన్నాయి. ఆ వేషంలోనే కారు కిందికి దూరింది. ఈసారి గ్యారేజీ తలుపు బార్లా తెరిచే ఉంచింది. పక్కింటివాళ్లు గోడ మీదికి తలలు పెట్టి చూశారు. చూడనీ అనుకుంది. మధ్యాహ్నానికి డిఫరెన్షియల్ కిందికి దిగింది. వెనక మూత విప్పి, నల్లటి ఆయిల్ వంపి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, నాలుగు ఇటుకల మీద పెట్టింది.

తన దగ్గరున్న చిన్న వెల్డింగు మిషన్ దీనికి చాలదు. గేట్లు, కిటికీ ఊచలు చేసే ఫానాని పెద్దది అడిగింది. అతను తోపుడుబండి మీద మిషన్ తెచ్చి, ఇటుకల మీదున్నది చూసి కళ్లు తేలేశాడు.

"అక్కా, ఇది కంపెనీది. దీనికి వెల్డింగు కొట్టమని ఏ గాడిద చెప్పాడు? ఆ జెర్మిస్టన్ ఆయనకి ఒక్క ఫోన్ చెయ్యి."

"చేశాను ఫానా. సరేనన్నారు."

ఫానా ఆమె చేతుల వంక చూశాడు. మోచేతుల దాకా గేర్ ఆయిల్, గోళ్ల కింద నలుపు. చాలాసేపటికి అర్థమై తోపుడుబండి మీద కూలబడ్డాడు. "ఏళ్ల తరబడి ఆయన దగ్గర పని నేర్చుకుంటానని పిట్సో కాళ్లావేళ్లా పడ్డానక్కా," అన్నాడు.

ఆ రోజే అతికించి మూత బిగిస్తే పనైపోయేది. కానీ రేపు బిగించిన మూత చూసి, ఎవరో మెకానిక్ చేశాడనే అంటారు. అందుకని ఆగింది.

శనివారం తొమ్మిదికి బంధువులొచ్చారు. గొర్రె కోయడం అయింది, పెద్ద కుండల కింద మంటలు వెలిగాయి. రూలోఫ్ ఖాళీ ట్రైలర్ తగిలించుకుని వచ్చి గేటు ముందు ఆపాడు. మెకానిక్ వచ్చాడా అని సెఫాకో అడిగాడు. లోపలున్నారంది పులెంగ్. ఆమె గ్యారేజీలోకి నడిచి, తలగుడ్డ మీదే వెల్డింగు తొడుగు దించుకుని, పని మొదలుపెట్టింది.

నీలం వెలుతురు, చిటపటలు, మాడిన నూనె కంపు. వంటకొచ్చిన ఆడవాళ్లు గరిటెలతోనే పరుగెత్తుకొచ్చారు. ఎవరో పిల్లల కళ్లు మూశారు. నిప్పురవ్వలు గౌను మీద పడి చిన్న చిన్న కన్నాలు పడుతున్నా ఆమె చెయ్యి కదల్లేదు. తొడుగు లోపల మాత్రం కన్నీళ్లు కారాయి. పదమూడేళ్లు కాపాడుకున్న వస్తువు అది, దాన్ని తన చేత్తోనే చంపుకుంటోంది.

"ఆపండెవరైనా," అన్నాడు సెఫాకో. ఎవరూ కదల్లేదు. "నా తమ్ముడి కారుని నాశనం చేస్తోంది అత్తా, చూస్తూ కూచుంటావేం?"

పులెంగ్ చివరిదాకా అతికించింది. తర్వాత తొడుగు పైకెత్తింది.

"ఆయన తొడుక్కున్న మాట నిజమే బావగారూ. కుట్టింది నేను. నేను కుట్టినదాన్ని ఉంచుకుంటానో చించుకుంటానో నా ఇష్టం."

రూలోఫ్ వంగి ఆ వెల్డింగు దగ్గరగా చూశాడు. లేచి వెళ్లి బానెట్ ఎత్తి ముక్కు దగ్గర చూశాడు. మళ్లీ వచ్చాడు. రెండూ ఒకే చెయ్యి అని అందరూ వినేలా చెప్పాడు.

"ఎంత పని చేశావమ్మా. ఇలాంటిది మళ్లీ దొరకదు."

"తెలుసు సార్. మీకన్నా నాకే ఎక్కువ తెలుసు."

ఆయన ఖాళీ ట్రైలర్ గడగడలాడించుకుంటూ వెళ్లిపోయాడు. సెఫాకో గేటు దాకా వెంటపడ్డాడు గాని ఆయన బండి ఆగలేదు.

మమెల్లో పులెంగ్‌ని లోపలికి తీసుకెళ్లి నల్లబట్టలు విప్పింది. గౌను మీద కన్నాలను వేలుపెట్టి చూసి, ఏడాదంతా చినగకుండా చూసుకుని ఆఖరి రోజున కాల్చుకున్నావా అంది. ఎలాగూ ఇవాళ కాల్చేసేవే కదత్తా అంది పులెంగ్. అప్పుడు నవ్వింది ముసలావిడ. పసుపుపచ్చ గౌను తొడిగి, బయటికి తీసుకొచ్చి, పంచిపెట్టడానికి కూచుంది. కోటు మేనల్లుడికి, బూట్లు పక్కూరి బాబాయికి, టోపీ సెఫాకోకి. సెఫాకో టోపీని చేతిలో తిప్పుతూ, మరి కారు అన్నాడు.

మమెల్లో ఖాళీ అయిన బట్టల పెట్టెను బోర్లించి అందరికీ చూపించింది. "బట్టలు అయిపోయాయి," అంది. "భోజనాలకి లేవండి."

ఆదివారం ఫానా సాయం పట్టగా పులెంగ్ డిఫరెన్షియల్ ఎక్కించి, ఆయిల్ పోసి, నట్లు బిగించింది. సోమవారం పొద్దున్నే పసుపుపచ్చ గౌనులోనే కారెక్కి ఫ్యాక్టరీకి బయల్దేరింది. మొదటి మలుపులోనే వెనక టైర్లు వీధంతా లేచేలా కీచుమన్నాయి. ఇక ఈ బండి గప్‌చుప్‌గా ఎక్కడికీ పోవడం కుదరదు, ఆమెకీ కుదరదు. సెఫాకో ఇల్లు జెర్మిస్టన్ దారిలో లేదు. అటు వెళ్లాలంటే మూడు మలుపులు ఎక్కువ తిరగాలి, టైర్లు ఊరికే అరుగుతాయి. పులెంగ్ అటే తిప్పింది.